హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద నా రోజువారీ ప్రయాణం

ఇల్లు పెద్ద అంబర్‌పేటలో, ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. ఎల్బీనగర్ మీదుగా వెళ్తే క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పట్టేసేది. అందుకే శంషాబాద్ వైపు నుంచి అవుటర్ మీద చుట్టి వెళ్తున్నాను. టోల్ భారమే, అయినా మోకాలు ముఖ్యం.

ఇక్కడి తిప్పలు వేరు. సిగ్నళ్లు లేని రోడ్డు కదా, నిద్ర ముంచుకొస్తుంది. 120 దాకా వెళ్లొచ్చన్నా నేను ఎడమ లేన్లలోనే, 80 లోపే. ఆవులింత మొదలైందంటే పాటల సౌండు పెంచినా, కిటికీ దించినా లాభం లేదు. తుక్కుగూడ దగ్గర కిందికి దిగి, మొహం కడుక్కుని, టీ తాగి, పావుగంట కళ్లు మూసుకుంటాను. ఆఫీసులో ఏమన్నా సరే. అంతేగానీ అవుటర్ పక్కన మాత్రం ఆపను. చీకట్లో అక్కడ ఆగి ఉన్న లారీ దగ్గరికొచ్చేదాకా కనపడదు. మీరూ ఆపకండి, దయచేసి.