అర్బోరెక్ జెట్టీ కింద

ఇండోనేషియాలోని రాజా అంపట్ దీవులకి వెళ్తున్నానని చెబితే డైవింగ్ తెలిసినవాళ్ళందరూ మాంటా రేలనే పెద్ద రెక్కల చేపల గురించే చెప్పారు. ప్రవాహం ఉధృతంగా ఉండే చోట్లు, లోతుగా దిగాల్సిన చోట్లు ఏవేవో పేర్లు రాసిచ్చారు. వాటిలో చాలావరకు చూశాను, అన్నీ గొప్పవే. అయినా ఈ ప్రయాణంలో నన్ను మళ్ళీ మళ్ళీ నీళ్ళలోకి లాగింది అర్బోరెక్ అనే చిన్న ఊరి జెట్టీ. దాని కింద లోతు రెండు నిలువులు కూడా ఉండని చోట్లున్నాయి.

ఇండోనేషియాకి తూర్పు కొసన, పాపువా పడమటి అంచున సొరోంగ్ అనే రేవు పట్నం ఉంది. అక్కణ్ణించి ఫెర్రీలో రెండు గంటలు పోతే వైగేవో దీవి మీద వైసాయ్ వస్తుంది. సముద్ర పార్కు ప్రవేశ రుసుము కట్టాక అక్కడ చిన్న పడవ ఎక్కాలి. డాంపియర్ జలసంధిలో, చుట్టూ పెద్ద దీవుల మధ్య, అర్బోరెక్ ఇసుక దిబ్బలా కనిపిస్తుంది. ఊరంతా కాలినడకన కొద్ది నిమిషాల్లో చుట్టి రావచ్చు. ఆడవాళ్ళు ఇళ్ళ ముందు కూర్చుని మొగలి జాతి ఆకులతో టోపీలు, బుట్టలు అల్లుతుంటారు. ఊళ్ళోకి వచ్చే పడవలన్నీ ఆగేది జెట్టీ దగ్గరే.

పోటు నిలబడే వేళ చూసుకుని దిగుదామన్నాడు మా గైడు. పక్క ఊరి పాపువన్ అబ్బాయి, ఈ నీళ్ళలోనే పెరిగినవాడు. ఆటుపోట్లు నడిచేటప్పుడు ఈ జలసంధిలో ప్రవాహం మనిషిని సునాయాసంగా ఈడ్చుకుపోతుంది. ఆ ప్రవాహమే ఇక్కడి పగడాలకు తిండి మోసుకొస్తుంది కాబట్టి దాన్ని తిట్టుకోవడానికీ లేదు. దిగేముందు అతను ఒకటే మాట గట్టిగా చెప్పాడు: పైన పడవలు తిరుగుతుంటాయి, నేను సైగ చేసేదాకా ఎవరూ పైకి తేలొద్దు.

నీళ్ళలోకి తల పెట్టగానే ముందు చీకటి కనిపించింది. అది జెట్టీ నీడ అనుకున్నాను. దగ్గరికి వెళ్తే ఆ చీకటి కదిలింది. వేలవేల చిన్న వెండి చేపలు స్తంభాల మధ్య గోడ కట్టినట్టు నిలబడి ఉన్నాయి. నేను చేయి చాపితే గోడలో ఒక కిటికీ తెరుచుకుంటుంది, చేయి తీసేస్తే మూసుకుంటుంది. నీడలో ఉన్నవాటికి వెలుగులో తిరిగేది స్పష్టంగా కనిపిస్తుంది, వెలుగులో ఉన్నదానికి నీడలోవి అంత తేలిగ్గా కనిపించవు. చిన్న చేపలు జెట్టీని వదలకపోవడానికి ఆ తేడా చాలు. వేటాడే ట్రెవల్లీలనే పెద్ద చేపలకూ ఈ సంగతి తెలుసు. అవి అంచునే తచ్చాడి, ఉన్నట్టుండి గుంపులోకి దూసుకొచ్చేవి. గుంపు రెండుగా చీలి వాటి వెనక మళ్ళీ అతుక్కునేది. ఆ దూకుడుకి నీళ్ళు అదిరి నా ఛాతీకి తగిలాయి.

స్తంభాలను చూడటానికే ఒక పూట పట్టేట్టుంది. సముద్రంలో పాతిన ఏ గట్టి వస్తువు మీదైనా ఏదో ఒకటి వచ్చి అంటుకుంటుంది. ఇక్కడ స్పాంజీలు, ఊదారంగు మెత్తటి పగడాలు, విసనకర్రల్లాంటి పగడాలు ఒకదాని మీద ఒకటి పెరిగి అసలు స్తంభం కనిపించకుండా చేశాయి. మామూలుగా పగడాలకు ఎండ కావాలి, వాటి ఒంట్లో ఉండే సూక్ష్మమైన శైవలాలు వెలుగుతోనే తిండి తయారుచేస్తాయి. ఈ మెత్తటి పగడాల్లో కొన్నిటికి ఆ అవసరం లేదు. ప్రవాహంలో కొట్టుకొచ్చే ప్లవకాలనే సూక్ష్మజీవులను పట్టి తింటాయి. అందుకే నీడ ఎక్కువ ఉన్నచోటే వాటి రంగు చిక్కగా ఉంది.

రంగు సంగతి ఇంకొంచెం చెప్పాలి. నీళ్ళు ముందుగా మింగేది ఎరుపునే. పది మీటర్లు దాటేసరికి ఎరుపు వస్తువు మట్టి రంగులోకి తిరుగుతుంది, టార్చి వేస్తే తప్ప దాని అసలు రంగు తెలియదు. మూడు నాలుగు మీటర్ల దగ్గర టార్చి లేకుండానే ఎరుపు ఎరుపులా కనిపిస్తుంది. గాలి లెక్క కూడా ఇక్కడే కలిసొస్తుంది. ఇరవై మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలంతో పోలిస్తే మూడు రెట్లు, అయిదు మీటర్ల దగ్గర ఒకటిన్నర రెట్లు. అంటే అదే సిలిండరు ఇక్కడ రెట్టింపు సేపు వస్తుంది. ఒక లయన్‌ఫిష్ స్తంభం చాటు నుంచి బయటికి వచ్చేదాకా ఊరికే ఆగి చూసే తీరిక నాకు ఈ లోతే ఇచ్చింది.

అలాగని తక్కువ లోతంటే తేలిక పని అనుకోకూడదు. పది మీటర్ల నుంచి పైకి వచ్చేలోపు తేలడానికి వేసుకునే జాకెట్టులోని గాలి రెండింతలకు ఉబ్బుతుంది. కాస్త ఏమరితే శరీరం పైకి తేలిపోతుంది, పైన పడవ ఇంజన్లు. కిందికి దిగిపోతే కాలి ఫిన్ తగిలి ఏళ్ళ తరబడి పెరిగిన పగడపు కొమ్మ విరుగుతుంది. ఊపిరితోనే ఎత్తు సరిచూసుకోవడం రానివాళ్ళు ముందు ఇసుక మీద సాధన చేసి తర్వాత స్తంభాల మధ్యకి రావాలని నా గట్టి అభిప్రాయం. పట్టుకుని నిలబడదామని స్తంభం మీద చేయి వేయడం ఇంకా తప్పు. అక్కడ పెరిగే హైడ్రాయిడ్లనే చిన్న సముద్రజీవులు చూడ్డానికి ఈకల్లా ఉంటాయి, తగిలితే మండిపోతుంది.

జెట్టీ దాటాక వాలు మొదలవుతుంది. ఇసుకలో జెయింట్ క్లామ్‌లనే పెద్ద ఆల్చిప్పలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. లోపలి కండ మీద నీలం, ఆకుపచ్చ చుక్కలు. నా నీడ పడగానే ఒకటి మూసుకుంది, ఆ కండ అంచున వెలుగు తేడా పసిగట్టే చిన్న చిన్న కళ్ళుంటాయి. ఇదే జలసంధిలో, ఇక్కడికి దగ్గర్లోని కేప్ క్రీ వద్ద, 2012లో చేపల శాస్త్రవేత్త జెరాల్డ్ అలెన్ ఒక్క డైవ్‌లో 374 జాతుల చేపలను లెక్కపెట్టారు. చదివినప్పుడు ఆ సంఖ్య నమ్మశక్యంగా అనిపించలేదు. ఆ వాలు మీద నిలబడ్డాక సందేహం పోయింది.

రాత్రి డైవ్ కోసం మళ్ళీ అక్కడికే వెళ్ళాం. పగటి వెండి గుంపు చెదిరిపోయింది, స్తంభాల మొదట్లో పీతలు, రొయ్యలు బయటపడ్డాయి. టార్చి వెలుగులో వాటి కళ్ళు నిప్పురవ్వల్లా మెరిశాయి. గైడు తన టార్చిని ఇసుక మీద గుండ్రంగా తిప్పాడు, చూడమని సైగ. గోధుమ రంగు మచ్చలున్న చిన్న సొర ఒకటి నేల మీద నడుస్తోంది! ముందు రెక్క ఒకటి, వెనక రెక్క ఒకటి మార్చి మార్చి వేస్తూ, రాళ్ళ సందుల్లో మూతి పెట్టి వెతుకుతోంది. శాస్త్రీయంగా హెమిసిల్లియం ఫ్రేసినెటీ. రాజా అంపట్ నీళ్ళలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. మమ్మల్ని అసలు పట్టించుకోలేదు. మేము టార్చీలు పక్కకి తిప్పి, దాని దారికి అడ్డం రాకుండా, అది పగడం కిందికి దూరేదాకా వెంట వెళ్ళాం.

పైకి వచ్చాక గైడు ఊరి సంగతి చెప్పాడు. ఇక్కడి పల్లెల్లో సాసి అనే పాత కట్టుబాటు ఉంది. కొంత సముద్రాన్ని కొంతకాలం మూసేస్తారు, ఆ గడువు అయ్యేదాకా ఎవరూ వేటాడరు. మాంటాలను చంపకూడదని ఇండోనేషియా అంతటా చట్టం వచ్చింది 2014లో. రాజా అంపట్‌లో మాత్రం సొరలకూ రేలకూ అంతకు ముందే రక్షణ దొరికింది. ఈ ఊళ్ళు ఆ మాట మీద నిలబడ్డాయి కాబట్టే నేను ఆ సొరను చూడగలిగాను. అందుకే ప్రవేశ రుసుము ఎక్కువని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

అటు వెళ్ళేవాళ్ళు మాంటాల పడవ ఎక్కండి, తప్పకుండా చూడండి. అయితే జెట్టీకి ఒక పగలు, ఒక రాత్రి వేరుగా ఉంచమని ముందే అడగండి. తిరుగు విమానానికి 18 గంటల ముందే డైవింగ్ ఆపేయాలి కనుక, జెట్టీని చివరి రోజుకి వాయిదా వేసుకోవద్దు.