అడవులు, వన్యప్రాణులు: ఈ టాపిక్‌ను నేను ఇలా చదివాను

పోటీ పరీక్షల మెయిన్స్‌లో (వ్యాసరూప సమాధానాలు రాసే దశలో) ‘మన అడవులకు, వన్యప్రాణులకు ఉన్న ముప్పు’ అని అడిగితే చాలామంది నరికివేత, వేట, కాలుష్యం అని వరుసగా రాసేస్తారు. అందులో తప్పేం లేదు గానీ, దిద్దేవాళ్లకు అన్ని పేపర్లూ ఒకేలా కనిపిస్తాయి. నేను ఒక్కో ముప్పుకు ఒక్కో జీవిని పట్టుకుని చదివాను. టెన్షన్ సగం అక్కడే తగ్గింది.

రాబందులనే తీసుకోండి. పశువులకు నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్ ఇచ్చేవాళ్లు. ఆ పశువు చనిపోతే, కళేబరం తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడయ్యేవి. తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడుతుండటంతో, 2015లో ప్యాకింగ్‌ను 3 మిల్లీలీటర్లకు పరిమితం చేశారు. గొడ్డలి, తుపాకీ లేకుండానే ఒక జాతి తుడిచిపెట్టుకుపోయే స్థితి వచ్చింది. ఇది చదివిన రోజు నాకు నిజంగా బాధేసింది.

నాకు బాగా పనికొచ్చింది మాత్రం బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్). దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా ఉన్న కరెంటు తీగ సరిగా కనబడదు. కనబడినా, బాగా బరువైన పక్షి కాబట్టి చటుక్కున తప్పుకోలేదు. సాధారణంగా ఒకసారికి పెట్టేది ఒక్క గుడ్డే. పైగా అది బతికే గడ్డి మైదానాలను మనం బంజరు కింద లెక్కగడతాం. తీగలను భూమిలోంచి వేయాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. ఆ తీగల్లో సోలార్ కరెంటును తెచ్చేవీ ఉన్నాయి. సోలార్ కరెంటూ కావాలి, పిట్టా బతకాలి. ‘విమర్శనాత్మకంగా చర్చించండి’ అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఈ పక్షి కోసమే పెట్టిన మన ఆంధ్రప్రదేశ్‌లోని రోళ్లపాడు అభయారణ్యంలో ఇప్పుడు అది కనబడటమే గగనం.

అంకెలు రాసేటప్పుడు నిర్వచనం కూడా రాయండి. 2023 అటవీ నివేదిక ప్రకారం దేశ భూభాగంలో అడవుల విస్తీర్ణం 21.76 శాతం. కానీ హెక్టారు, ఆపైన స్థలంలో చెట్ల నీడ కనీసం 10 శాతం ఉంటే చాలు, తోటలైనా అందులో కలుస్తాయి. ఈ ఒక్క వాక్యంతో సమాధానానికి బలం వస్తుంది.

చట్టాల్లో 1980 అటవీ సంరక్షణ చట్టాన్ని, ‘అడవి’ అనే మాటకు సుప్రీంకోర్టు విస్తృత అర్థం చెప్పిన 1996 గోదావర్మన్ తీర్పును, ఆ చట్టానికి వచ్చిన 2023 సవరణను ఒకే పేజీలో రాసుకోండి. 1972 వన్యప్రాణి చట్టంలో ఆరు షెడ్యూళ్లు (జీవుల జాబితాలు) 2022 సవరణతో నాలుగయ్యాయి. పాత నోట్స్‌తో ప్రిలిమ్స్‌కు (మొదటి దశ పరీక్షకు) వెళ్లేవాళ్లు ముందు ఇది సరిచూసుకోండి.