ప్రాజెక్టు టాపిక్ పిల్లల నోట్‌బుక్కులోనే దొరుకుతుంది

"నీకేది ఇష్టమో చెప్పు, దానిమీదే ప్రాజెక్టు చెయ్యి" అని తొమ్మిదో తరగతిలో అడిగి చూడండి. క్రికెట్, మొబైల్ గేమ్స్, డ్రాయింగ్ అంటారు. పక్కవాళ్లు కూడా అవే అంటారు. వారం గడువిస్తే నెట్ సెంటర్లో ప్రింటు తీసిన 'నీటి సంరక్షణ', థర్మకోల్ అగ్నిపర్వతం వస్తాయి. పిల్లల్ని అనడానికేం లేదు, ఇష్టాన్ని ఒక్క మాటలో చెప్పమన్నది మనమే.

మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రాజెక్టు పనులు ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో, అంటే ఏడాది మధ్యమధ్యలో జరిగే మూల్యాంకనంలో, ఒక భాగంగానే బడుల్లోకి వచ్చాయి. హైదరాబాద్‌లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) స్కూళ్లకు వెళ్తే ఎంవైపీ, అంటే పదో తరగతి దాకా సాగే మిడిల్ ఇయర్స్ ప్రోగ్రామ్, చివరి ఏడాదిలో పర్సనల్ ప్రాజెక్ట్ ఉంటుంది: సుమారు 25 గంటల పని, 15 పేజీలు దాటని రిపోర్టు. జిల్లా పరిషత్ హైస్కూలైనా, ఐబీ అయినా బండి ఆగేది టాపిక్ దగ్గరే.

ఇష్టం సంగతి పక్కన పెట్టి చిరాకులు, గొడవలు, అలవాట్లు రాయించండి. రెండు వారాలు, రోజుకు 10 నిమిషాలు చాలు. లాంగ్ నోట్‌బుక్కులో కుడి పేజీలోనే రాయాలి, ఎడమ పేజీ ఖాళీగా ఉంచాలి. పైన తేదీ వేయాలి. పెన్ను ఆగకూడదు, ఏమీ తోచకపోతే "ఏం తోచట్లేదు" అనే రాస్తుండాలి. ఇంటి తెలుగైనా, మధ్యలో ఇంగ్లీషు వచ్చినా, ఒత్తులు తప్పినా ఫర్వాలేదు. ఎర్ర పెన్ను మాత్రం ముట్టుకోవద్దు. ఒక్కసారి దిద్దారంటే మర్నాటి నుంచి "నీరు సకల ప్రాణికోటికి జీవనాధారం" మొదలవుతుంది. ఆ వ్యాసం గొంతు వినపడిందంటే పిల్లలు మీ మెప్పు కోసం రాస్తున్నారని అర్థం.

ఏ రోజుకు ఏ ప్రశ్న ఇస్తామన్నదాన్ని బట్టే అంతా ఉంటుంది. "నీ ఆశయం ఏమిటి" అంటే కలెక్టర్, డాక్టర్ అని రాసి మూసేస్తారు. ఇలాంటివి అడగండి: ఇంట్లో ఏది పాడైతే ముందు నిన్ను పిలుస్తారు? ఈ వారం ఎవరితో వాదించావు, దేని గురించి? బడికొచ్చే దారిలో రోజూ చూసి విసుక్కునేది ఏమిటి? తమ్ముడికో చెల్లికో నువ్వు నేర్పగలిగేది ఏమిటి, మొదటి మెట్టు నుంచి రాయి. నాలుగోది బాగా పనిచేస్తుంది. తెలిసిన పని రాసేటప్పుడు వివరాలు వాటంతటవే వస్తాయి.

ఇంటి గొడవలు కూడా కాగితం మీదకి వస్తాయి. అందుకే మొదటి రోజే చెప్పాలి: చూపించడం ఇష్టంలేని పేజీ మడిచిపెట్టొచ్చు, మడిచిన పేజీ టీచర్ చదవరు. మడవని పేజీలో పిల్లలకు హాని జరుగుతోందని తెలిస్తే మాత్రం ఊరుకోమని, హెడ్మాస్టర్‌కు చెప్తామని, అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తామని కూడా ముందే చెప్పండి. ఈ మాట దాచిపెట్టి రాయించడం మోసం.

రెండు వారాలయ్యాక ఎడమ పేజీల పని. ఎవరి నోట్‌బుక్కు వాళ్లే చదువుకుని, రెండు మూడు చోట్ల మళ్లీ మళ్లీ వచ్చిన విషయం కింద గీత గీయాలి. అంకెలు, కొలతలు, వస్తువుల పేర్లు ఎక్కడ ఎక్కువున్నాయో అక్కడ చుక్క పెట్టాలి. గీత, చుక్క ఒకేచోట పడితే, దానికెదురుగా ఎడమ పేజీలో మూడు ప్రశ్నలు రాయాలి.

ఇలాంటి పేజీ ఒకటి వచ్చిందనుకోండి: "చలికాలంలో ఇడ్లీ పిండి పొంగదు. అమ్మ గిన్నెని బియ్యం డబ్బాలో పెడుతుంది, నానమ్మ పొయ్యి పక్కన పెట్టమంటుంది. రోజూ ఇదే గోల." పైపైన చూసే టీచర్ దీనికి 'ఆహారం–ఆరోగ్యం' అని పేరు పెట్టేస్తారు, అక్కడితో అయిపోయింది. ఇందులో అసలు ప్రశ్న ఇద్దరిలో ఎవరి మాట నిజం అన్నది. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ చొప్పున ఒకేసారి కలిపిన పిండి, ఒకేలాంటి మూడు గాజు సీసాల్లో సగం వరకే, పిండి మట్టం దగ్గర రబ్బరు బ్యాండు, పక్కన థర్మామీటరు. ఒకటి బియ్యంలో, ఒకటి పొయ్యి పక్కన, ఒకటి మామూలుగా గట్టు మీద. గంటగంటకీ స్కేలుతో ఎత్తు కొలవడమే. సగానికి మించి నింపితే పొంగి కారిపోతుంది, కొలత పోతుంది. పిండి వేర్వేరు రోజులదైతే పోల్చడం కుదరదు.

టాపిక్ ఖాయం చేసేముందు జల్లెడ పట్టాలి. ఆరు వారాల్లో అవుతుందా, రెండు వందల రూపాయలు దాటుతుందా, అడిగితే చెప్పేవాళ్లు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నారా, చివర్లో చేతిలో ఏం ఉంటుంది. ఎక్కువ టాపిక్‌లు మూడోదాని దగ్గరే పడిపోతాయి. 'అంతరిక్షం' మీద ఎంత మోజున్నా అడగడానికి ఊళ్లో మనిషి లేకపోతే చివరికి నెట్ నుంచి ఎక్కించిన రాతే మిగులుతుంది. ఆ పిల్లవాడికి డాబా మీద నుంచి నెల రోజులు చంద్రుడు కనిపించే వేళ రాయమంటే అదే మోజు ప్రాజెక్టవుతుంది.

కొందరికి రెండు వారాలైనా ఏదీ మళ్లీ రాదు. వాళ్లతో ఇంకా రాయించి లాభం లేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఐదు నిమిషాలు మాట్లాడించండి, వాళ్లన్నది మీరు రాసివ్వండి. రాత రాక ఆగినవాళ్లూ, చెప్పడానికి భయపడి ఆగినవాళ్లూ అక్కడ విడివిడిగా తెలుస్తారు. ఇంకొందరు మొదలుపెట్టాక టాపిక్ మారుస్తామంటారు. మొదటి వారంలోనైతే మార్చనివ్వండి, కానీ ఎందుకు మారుస్తున్నారో ఒక పేజీ రాశాకే. ఆ పేజీ రాస్తూ రాస్తూ పాతదానికే తిరిగొచ్చేవాళ్లుంటారు.

ఎంవైపీ పిల్లలైతే నేర్చుకోవాలనుకున్నదీ, చేసి చూపించేదీ విడిగా రాయాలి. ఇడ్లీ పిండి విషయంలో పులియడం వెనక ఏం జరుగుతుందో తెలుసుకోవడం మొదటిది, వంటింటి గోడకు అంటించే ఒక పేజీ చార్టు రెండోది. ఈ రెండూ కలిపేస్తే చార్టు అందంగా ఉంటుంది, రిపోర్టులో రాయడానికేం ఉండదు. తేదీలున్న ఆ నోట్‌బుక్కునే ప్రాసెస్ జర్నల్‌గా, అంటే పని ఎలా సాగిందో రాసుకునే పుస్తకంగా, కొనసాగించమనండి, కొత్తది కొనక్కర్లేదు.