రెండో సీటీ వద్దన్నందుకు నాకు జరిగింది

నిన్న సాయంత్రమే ఇంటికొచ్చాం. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

పోయిన ఆదివారం మా ఐదేళ్ల బాబు మేడ మెట్ల మీద నుంచి పడ్డాడు. మూడుసార్లు వాంతి చేసుకుని మగతగా పడుకుంటే గుంటూరులో దగ్గరున్న ఆస్పత్రికి పరిగెత్తాం. తలకి సీటీ తీశారు, లోపల రక్తస్రావం లేదన్నారు, మర్నాడు పంపేశారు. ఆ స్కాన్ గురించి నాకే బాధా లేదు. అలాంటప్పుడు తీయకపోతేనే తప్పు.

నిన్న పొద్దున తల నొప్పిగా ఉందంటే విజయవాడలో ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లాం. డ్యూటీ డాక్టరు బాబుని సరిగ్గా చూడకుండానే మళ్లీ సీటీ రాశాడు. గుంటూరులో తీసిన స్కాన్ సీడీ తెచ్చాం సార్ అంటే, బయటి స్కాన్లు మేం చూడం అన్నాడు.

స్కాన్ కౌంటర్లో నేను అడిగినవి రెండే. పాత సీడీ ఎవరైనా తెరిచి చూస్తారా? మళ్లీ తీస్తే పిల్లాడికి రేడియేషన్ ఎంత పడుతుంది? కౌంటర్లో ఉన్నతను తలెత్తకుండానే "మీరు డాక్టరా మేడమ్?" అన్నాడు. కాదన్నాను. "మరి ఫోన్లో చదివొచ్చి మాకు పాఠాలు చెప్పకండి. భయమైతే తీసుకుపోండి. రాత్రికి ఏమన్నా అయితే మా పూచీ లేదు." వెనక పదిహేను మంది ఉన్నారు. అందరూ నన్నే చూస్తున్నారు. స్కాన్‌కి నేనే ఒప్పుకోలేదని రాసిన కాగితం ఒకటి ముందుకు తోసి సంతకం పెట్టమన్నాడు. పెన్ను పట్టుకుంటే చెయ్యి వణికింది. బాబేమో నా గాజులు తిప్పుతూ ఆడుకుంటున్నాడు. నేనే మొండికేసి వాడికి అన్యాయం చేస్తున్నానేమో అనిపించి కళ్లనీళ్లొచ్చాయి. వరుసలో ఒక పెద్దావిడ "బిడ్డ గురించేగా అడుగుతోంది, చెప్పరాదా నాయనా" అంది. ఆవిడకి దండం పెట్టాలి. నేను సంతకం పెట్టలేదు. స్కాన్లు చూసి చెప్పే డాక్టరు, అదే రేడియాలజిస్టు, వచ్చేదాకా కదలనని అక్కడే బెంచీ మీద కూర్చున్నా.

ఆయన నాలుగింటికి వచ్చారు. సీడీ తెరవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. చివరి పేజీలో డోసు అంకెలు ఉంటాయట, చూపించారు. డీఎల్‌పీ 520. అంటే స్కాన్ మొత్తంలో వాడిన రేడియేషన్ కొలత. ఈ వయసు పిల్లాడి ఒంటికి పట్టే లెక్కలో అది సుమారు 2 మిల్లీసీవర్టులు అన్నారు. ప్రకృతిలో ఉండే రేడియేషనే మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు పడుతుందట.

క్యాన్సర్ వస్తుందా సార్ అని అడిగేశాను. ఆయన దాటవేయలేదు. హిరోషిమా, నాగసాకి అణుబాంబు బాధితుల్లో ఎంత డోసుకి ఎన్ని క్యాన్సర్లు వచ్చాయో చూసి గీసిన గీతని కిందికి పొడిగిస్తే, ఎంత చిన్న డోసుకైనా కొంత ముప్పు ఉన్నట్టే. చిన్న డోసుల దగ్గర ఆ గీత ముప్పుని ఎక్కువ చేసి చూపిస్తుందని 2005లో ఫ్రాన్స్ సైన్స్, వైద్య అకాడమీలు అన్నాయి. కేరళ కరునాగపల్లిలో సహజంగానే రేడియేషన్ ఎక్కువుండే మోనజైట్ ఇసుక మీద తరతరాలుగా బతుకుతున్నవాళ్లలో క్యాన్సర్లు ఎక్కువ కనిపించలేదు. మరోవైపు 2023లో తొమ్మిది యూరప్ దేశాల్లో చిన్నతనంలో సీటీ తీయించుకున్న 9 లక్షల మందికి పైగా లెక్క చూస్తే, డోసు పెరిగేకొద్దీ రక్త క్యాన్సర్లు పెరిగాయి. ఆ లెక్కన పదివేల మంది పిల్లలకి ఒక్కో స్కాన్ తీస్తే తర్వాతి 12 ఏళ్లలో ఒకరిద్దరికి అదనంగా రావచ్చట. శాస్త్రవేత్తలే ఇంకా తేల్చుకోని విషయంలో తల్లి ఒక మాట అడిగితే నోరు మూయించడమేమిటి?

తర్వాత న్యూరాలజిస్టు బాబుని నడిపించి, కళ్లు చూసి, స్కాన్ అక్కర్లేదన్నారు. వాంతులైనా, మగతగా ఉన్నా వెంటనే తెమ్మన్నారు.

మీకెవరికైనా పిల్లలకి సీటీ తీయిస్తే ఫిల్ముతో సరిపెట్టుకోకండి, సీడీ అడిగి తీసుకోండి. పిల్లల సెట్టింగులోనే తీయమని చెప్పండి. అవసరమైన స్కాన్ మాత్రం భయపడి మానకండి.

పొద్దున సీడీ కవరు మీద తేదీ, 520 అంకె స్కెచ్ పెన్‌తో రాసి టీకాల కార్డున్న ఫైల్లో పెట్టాను. వాడు ఇడ్లీ తింటున్నాడు. నొప్పి లేదంటున్నాడు.