ప్రార్థన కొండ నుంచి వెల్లంపల్లి రేవుకు

ప్రభువుకు స్తోత్రం. ఒంగోలు ప్రార్థన కొండెక్కి, గుండ్లకమ్మ ఏట్లో మా సంఘం వాళ్ళ బాప్తిస్మాలు కళ్ళారా చూసి వచ్చాం. ఆ సంతోషం ఇంకా గుండెల్లో ఉండగానే రాస్తున్నాను. నెల్లూరు నుంచి బస్సు ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పాటలు పాడుకుంటూ వెళ్ళాం. పాత సంవత్సరపు చివరి రాత్రి ఆరాధన అయ్యాక ఎవరూ పడుకోలేదు. చీకటితోనే కొండ దారి పట్టాం.

కొండ సంగతి బాప్టిస్టు ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర, దొరసాని, క్రిస్టియన్ నర్సు అనే పేరుగల ఆయన, జూలియా, రూతు, అంతా కలిపి ఐదుగురు అక్కడ మోకరించారు. 1840లో మిషనరీ శామ్యూల్ డే నెల్లూరులో మొదలుపెట్టిన పనికి ఫలితం కనబడక, దాన్ని మూసేద్దామా అని అమెరికాలో సంఘాలు తర్జనభర్జన పడుతున్న రోజులవి. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని వాళ్ళు అడిగారు. అలా వచ్చిన మిషనరీ క్లౌ దొర ఒంగోలు చేరింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు! ఈ లెక్క కొండ మీద ప్రతి ప్రసంగంలోనూ చెప్పాలని నా కోరిక. ఎందుకంటే జనవరి ఒకటిన మనం చేసే ప్రార్థనలన్నీ 'ఈ సంవత్సరమే' అనే మాటతో ముగుస్తాయి. అడిగిన ఐదుగురూ నెల్లూరు తిరిగి వెళ్ళి, ఎప్పటిలా బడి, బోధ, ఊళ్ళు తిరగడం కొనసాగించారు. కల నెరవేరడం కోసం ఎదురుచూడడం అంటే చేతిలో పని ఆపి కూర్చోవడం కాదు.

ఎక్కడం మాత్రం కష్టమే. మంచుకు రాళ్ళు తడిసి జారతాయి. పెద్దవాళ్ళకు రబ్బరు చెప్పులు పనికిరావు, వెనక పట్టీ ఉన్నవి వేసుకోవాలి. టార్చి ముందువాడి చేతిలో కాదు, మధ్యలో నడిచేవాడి చేతిలో ఉండాలి. అప్పుడే వెనకవాళ్ళకు కాలు పెట్టే చోటు కనిపిస్తుంది. పైకెక్కాక మనసుకు బాధ కలిగించింది జనం సందడి. ఒక గుంపు ప్రార్థిస్తుంటే పక్క గుంపు మైకులో పాట. మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళ ముఖాల మీదికి ఫోన్ లైట్లు. కింద నీళ్ళ సీసాలు, బిస్కెట్టు కాగితాలు. ఐదుగురు మైకు లేకుండా చేసిన ప్రార్థన దేవుడికి వినబడిందన్న సంగతి ఆ చోటనైనా గుర్తుండాలి కదా. సూర్యుడు పైకొచ్చే ఆ రెండు మూడు నిమిషాలు మాత్రం మైకులన్నీ వాటంతటవే ఆగిపోయాయి. అందరి నోటా ఒక్కసారే 'హల్లెలూయా' వచ్చింది. అంత దూరం వెళ్ళింది ఆ నిమిషాల కోసమే.

మా కాపరిగారు, అంటే పాస్టరు అయ్యగారు, బాప్తిస్మం అడిగినవాళ్ళను వెంటనే నీళ్ళలోకి దించరు. తరగతి పెడతారు. అందులో ఒక నోట్‌బుక్కు రాయిస్తారు. ఎడమ పేజీలో ఎదుటివాళ్ళు మనకు చేసినవి, కుడి పేజీలో మనం ఎదుటివాళ్ళకు చేసినవి, మనం బాకీ ఉన్నవి. పేరు, మొత్తం, ఎప్పటినుంచి, అన్నీ రాయాలి. 'వెనుక ఉన్నవి మరచి' అని పౌలు రాసిన మాట పట్టుకుని చాలామంది రెండు పేజీలనూ ఒకే ప్రార్థనతో చింపేద్దామనుకుంటారు. అది కుదరదు. ఎడమ పేజీని ప్రభువు పాదాల దగ్గర పెట్టవచ్చు. కుడి పేజీని కాళ్ళతో నడిచి వెళ్ళి తీర్చాలి. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నది అందుకే. ఒక్కసారే కట్టలేనివాళ్ళు అప్పిచ్చినవాళ్ళ గడప తొక్కి, ముఖాముఖి మాట్లాడి, నెలకింత అని ఒప్పుకుని, ఆ కాగితం మీద సంతకం పెట్టించుకు రావాలి. ఇది చేయకుండా ఏడ్చి తేలికపడ్డవాళ్ళు రెండు వారాలకే మళ్ళీ కుంగిపోవడం ఎక్కువగా చూస్తుంటాం. అప్పులాయన ఫోన్ మోగగానే ఆ తేలికంతా పోతుంది. క్షమాపణ దొరకలేదేమోనన్న అనుమానం మొదలవుతుంది. క్షమాపణలో లోపం లేదు, బాకీ మిగిలిపోయింది, అంతే.

ఎడమ పేజీకి అయ్యగారు పెట్టే నియమం ఒకటే. ప్రార్థించాక ఆ కథ మళ్ళీ ఎవరి దగ్గరా ఎత్తకూడదు. చెప్పాల్సి వస్తే చేసినవాళ్ళతోనే, ఒకే ఒక్కసారి. అయితే కొట్టే భర్తను క్షమించమంటే మళ్ళీ ఆ ఇంటికే పొమ్మని కాదు. ఈ మాట ఆయన ఆడవాళ్ళకు ప్రత్యేకంగా చెబుతారు. ప్రతి సంఘంలోనూ చెప్పాలి.

పాతవి విడవడం అంటే నేర్చిన పనినీ విడిచెయ్యడం అనుకునేవాళ్ళూ ఉన్నారు. క్లౌ దొర సేవకు రాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. ఆ జీవితం వదిలేసి వచ్చారు. 1876-78 కరువులో జనం ఆకలితో పడిపోతుంటే బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించగలిగింది ఆ పాత విద్యతోనే. విడవాల్సింది గర్వం, పగ, ఓడిపోయానన్న దిగులు. చేతిలో ఉన్న విద్య ప్రభువు ఇచ్చిందే.

ఆ కరువులోనే మరో సంగతి. గింజల కోసం, కూలి కోసం వస్తున్నారేమోనని పదిహేను నెలలపాటు ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. సాయం పంచడం ముగిశాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం వెళ్ళిపోలేదు. అప్పుడు 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగారు. అలసినవాళ్ళు ఒడ్డుకు వస్తే మరో ఇద్దరు. మనిషికి అర నిమిషం లెక్కేసుకుంటే ఒక్క పగటిలో ఎలా పూర్తయిందో అర్థమవుతుంది. మన కల విషయంలోనూ ఆ పదిహేను నెలల పరీక్ష పెట్టుకోవడం మంచిది. జీతం రాకపోయినా, పేరు రాకపోయినా ఈ పని కావాలా?

మేం ఏటి దగ్గరికి చేరేసరికి ఎండ బాగా వచ్చింది. అయ్యగారు దిగబోతుంటే గేదెలు తోలుకొచ్చిన ఒక ముసలాయన ఒడ్డు నుంచి కేకేశారు.

"అయ్యా, ఆడ దిగమాకండి. ఇసక తోడేసినారు. నాలుగడుగులు పోతే నిలువు లోతు."

ఆయన క్రైస్తవుడు కాదు. మా పని ఏమిటో కూడా అడగలేదు. గేదెల్ని మనవడికి అప్పగించి, పంచె ఎగ్గట్టి, చేతికర్రతో అడుగడుగునా పొడిచి చూస్తూ ఏట్లో దిగారు. గట్టి ఇసుక ఉన్నచోట రెండు కంపకర్రలు పాతి, "ఈ రెంటి మధ్యలోనే" అన్నారు. అక్కడితో వెళ్ళిపోవచ్చు. కానీ పనంతా అయ్యేవరకు గుంత అంచున నడుము లోతు నీళ్ళలో కర్ర పట్టుకుని నిలబడే ఉన్నారు, ఎవరైనా అటు జారితే పట్టుకోవడానికి. జనవరి నీళ్ళు! పెదవులు వణుకుతున్నాయి. "పెద్దాయనా, బయటికి రండి" అంటే, "ఆడపిల్లలున్నారు గందమ్మా" అన్నారు. తర్వాత డబ్బులిస్తే తీసుకోలేదు. వేడి టీ మాత్రం తాగారు.

ఏట్లో బాప్తిస్మం ఇప్పించేవాళ్ళు ఎవరైనా ఇసుక గుంతలు చూడకుండా దిగవద్దు. నడుము లోతు చాలు. మనిషి తల ఎగువకు, కాళ్ళు దిగువకు ఉండేలా పడుకోబెట్టాలి. తిరగేస్తే పారేనీళ్ళు నేరుగా ముక్కులోకి ఎక్కుతాయి, భయంతో చేతులు కొట్టుకుంటారు. అయ్యగారి ఒక చెయ్యి మెడ వెనక, ఇంకోటి వాళ్ళ జోడించిన చేతుల మీద. ముక్కు మీద రుమాలు. మోకాళ్ళు కొద్దిగా వంచమని ముందే ఒడ్డున నేర్పాలి, బిగుసుకుంటే బరువంతా అయ్యగారి నడుము మీద పడుతుంది. ఆడవాళ్ళు కుచ్చిళ్ళకు, పైటకు పిన్నీసులు పెట్టుకోవాలి. లంగాలో గాలి నిండి పైకి తేలుతుంది కాబట్టి దిగగానే ఒకసారి కూర్చుని లేస్తే గాలి పోతుంది. ఒడ్డున చీరలతో మరుగు కట్టి, పొడిబట్టలు ఎవరివి వాళ్ళకు పేర్లతో మూట కట్టి ఉంచాలి.

ఆ రోజు నీళ్ళలో దిగినవాళ్ళలో కందుకూరు వైపు నుంచి నెల్లూరొచ్చి ఉంటున్న ఒక చెల్లి ఉంది. పదో తరగతి కాగానే పెళ్ళి చేశారని తల్లి మీద కోపం, నర్సు కావాలన్న కల ఆగిపోయిందన్న దిగులు. ఎడమ పేజీ నిండా అమ్మ పేరే. తరగతి రోజుల్లో అయ్యగారి సలహాతో ఊరెళ్ళి ఆ మాట అమ్మతో ఒక్కసారి చెప్పి వచ్చింది. "ఆ రోజుల్లో నాకు అంతకన్నా తెలియలేదు బిడ్డా" అని తల్లి ఏడ్చిందట. ఆ తల్లే ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడింది. తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి అని అయ్యగారు ముంచి లేపగానే, చెల్లి కళ్ళు తుడుచుకోకుండానే తల్లి వైపు నడిచింది. నీళ్ళు కారుతున్న ఆ తలను తల్లి తువ్వాలుతో గట్టిగా రుద్దుతూ, "జలుబు చేస్తది, జలుబు చేస్తది" అంటూనే ఉంది. మాలో చాలామంది ఏడ్చాం.

బస్సెక్కాక చెల్లి అడిగిన మొదటి మాట, ఓపెన్ ఇంటర్‌కు ఏమేం కావాలని. వెనక సీట్లో ఉన్న టీచరమ్మ పదో తరగతి మెమో, టీసీ, ఆధార్ ముందు వెతికి పెట్టుకోమంది. జీఎన్‌ఎం అనే నర్సింగు డిప్లొమాకు ముప్పై ఐదేళ్ళు దాటకూడదు కాబట్టి ఈ సంవత్సరం పోనివ్వద్దని, ఇంగ్లీషు మీద ఇప్పటినుంచే కూర్చోమని చెప్పింది. మెమో ఊళ్ళో ట్రంకుపెట్టెలో ఉందని తల్లి అంది. సింగరాయకొండ దగ్గర బస్సు ఆపించి, తల్లీకూతుళ్ళిద్దరూ మెమో కోసం అక్కడే దిగిపోయారు.