జువెనైల్ బోర్డు రికార్డు తీయించుకోవడం: నా అనుభవం

ప్రొబేషన్ (మంచి నడవడి బాండు మీద వదిలి, ఆఫీసరు కనిపెట్టి ఉండే కాలం) గడువు తీరితే కేసు ముగుస్తుంది గానీ కాగితాలు ముగియవు. మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులో ఫైలు, స్టేషన్లో రిజిస్టరు, ఎస్పీ ఆఫీసు క్రైమ్ రికార్డ్స్ విభాగంలో నమోదు, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ప్రొబేషన్ ఆఫీసరు నివేదికలు. నాలుగు చోట్ల నాలుగు కట్టలు. ఒకచోట తీయిస్తే మిగతా మూడూ వాటంతటవే పోవు.

కొన్ని దేశాల్లో ఇలాంటి ఫైలుకి సీలు వేసి పక్కన పెడతారు. మన దగ్గర ఉన్నది సీలు కాదు, ధ్వంసం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ రెండు మాటలు చెబుతుంది: బాల్యంలో తేలిన నేరం వల్ల ఏ అనర్హతా అంటదు, ఆ రికార్డును ధ్వంసం చేయమని బోర్డు పోలీసులకు ఆదేశం ఇవ్వాలి. పదహారేళ్లు నిండాక చేసిన ఘోర నేరంలో చిల్డ్రన్స్ కోర్టు పెద్దవాళ్లతో సమానంగా విచారించి దోషిగా తేలిస్తే మాత్రం ఈ వెసులుబాటు లేదు.

"ఇవ్వాలి" అని చట్టంలో ఉంది కదా అని ఇంట్లో కూర్చుంటే ఆదేశం రాదు. పిటిషన్ వేయాల్సిందే.

పేచీ అంతా ఎప్పుడు వేయాలనే దగ్గర. అప్పీలుకి గడువు 30 రోజులు. 2016 నమూనా నియమాల్లో 14వది, రికార్డును అప్పీలు గడువు ముగిసేదాకా లేదా ఏడేళ్లు ఉంచాలి, అంతకు మించి ఉంచకూడదు అంటుంది. ఆ "లేదా"ని పట్టుకుని ఆఫీసులో "ఏడేళ్లు కాలేదు కదండీ, అప్పుడు రండి" అంటారు. అప్పీలు ఎవరూ వేయలేదని, గడువు దాటిందని, బాండు షరతులు తప్పలేదని, ఫలానా ఉద్యోగానికో పాస్‌పోర్టుకో ఇప్పుడు అడ్డొస్తోందని పిటిషన్లోనే రాయాలి. బోర్డు ఒప్పుకోకపోయినా దిగులక్కర్లేదు. అదే చట్టం 74వ సెక్షన్ రెండో ఉపవిభాగం ఏడేళ్ల కోసం ఆగదు: ముగిసిన కేసు రికార్డును క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం గానీ మరో పనికి గానీ పోలీసులు బయటపెట్టకూడదు. కువైట్, దుబాయ్ ప్రయాణాలకి పోలీసు క్లియరెన్స్ కావలసిన మన గోదావరి డెల్టా కుర్రాళ్లకి నా దృష్టిలో 24 కన్నా ఇదే అక్కరకొచ్చే సెక్షన్.

పిటిషన్ కంటే ముందు చేయాల్సింది, చాలామంది మరిచేది, కాపీ అప్లికేషన్. తుది ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు కనీసం మూడు తీసుకోవాలి. ఫైలు ధ్వంసమయ్యాక కాపీ ఎవరూ ఇవ్వలేరు. రేపు ఎక్కడో కంప్యూటర్లో పాత నంబరు తేలితే, అది మైనరుగా ఉన్నప్పటి కేసని, ప్రొబేషన్‌తో ముగిసిందని చూపించడానికి చేతిలో ఒక్క ముక్క కూడా ఉండదు. చెరిపించుకోవడానికి వెళ్లి దాచుకోవడమేమిటి అనిపిస్తుంది, నిజమే.

పిటిషన్‌కి ఆ కాపీ, ప్రొబేషన్ ఆఫీసరు ముగింపు నివేదిక, పుట్టిన తేదీకి పదో తరగతి మార్కుల మెమో, ఆధార్, అఫిడవిట్ జతచేయాలి. ముగింపు నివేదిక బోర్డుకి చేరిందో లేదో ముందే కనుక్కోవాలి. అది లేకపోతే వాయిదా మీద వాయిదా. లాయరు ఖర్చు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగొచ్చు, ఫోన్ 15100.

పిటిషన్లో కోరికను "రికార్డు తొలగించాలి" అని ఒక్క ముక్కలో ముగిస్తే పని సగమే అవుతుంది. స్టేషన్, ఎస్పీ ఆఫీసు, బాలల పరిరక్షణ విభాగం, బోర్డు ఆఫీసు విడివిడిగా పేర్కొనాలి. సీసీటీఎన్ఎస్ (పోలీసుల కంప్యూటర్ రికార్డు వ్యవస్థ) నమోదు, సస్పెక్ట్ షీట్ (స్టేషన్లో అనుమానితుల మీద తెరిచే షీటు) ఉంటే అదీ పేరుపెట్టి రాయాలి. అమలు చేసినట్టు నివేదిక ఇమ్మని కూడా అడగాలి. గోదావరి జిల్లాలకి ఇంకో తిరకాసుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అంతకు ముందు కోనసీమ స్టేషన్లో నమోదైన కేసుకి జిల్లా కేంద్రం కాకినాడ. ఇప్పుడు ఆ స్టేషన్ అమలాపురం కిందికి వస్తుంది. భీమవరం, నరసాపురం వైపు కేసులకి అలాగే అప్పట్లో ఏలూరు, ఇప్పుడు భీమవరం. రెండు ఎస్పీ ఆఫీసుల పేర్లూ రాయడమే క్షేమం.

పిటిషన్లో కేసు నంబరు వేసేటప్పుడు చూసుకోవాలి: ఘోర నేరం కాకపోతే, పెద్దవాళ్లు కలవకపోతే, నిబంధన ప్రకారం ఎఫ్ఐఆర్ ఉండదు, స్టేషన్ రోజువారీ పుస్తకమైన జనరల్ డైరీలో ఎంట్రీయే. అప్పుడు డైరీ నంబరు, తేదీ వేయాలి. రొయ్యల చెరువు మీద ఏరియేటర్ మోటార్లు ఎత్తుకెళ్లిన కేసులో పెద్దవాళ్లతో పాటు కుర్రాడూ ఉన్నాడనుకోండి, ఎఫ్ఐఆర్ ఉంటుంది. పెద్దవాళ్ల కేసు మేజిస్ట్రేటు కోర్టులో నడుస్తూనే ఉంటుంది. బోర్డు ఆదేశం ఆ ఫైలుని ముట్టుకోదు. అందులో మైనరు పేరు కనపడకుండా చేయమని ఆ కోర్టులోనే వేరే పిటిషన్ వేయాలి.

ఉద్యోగపు అటెస్టేషన్ ఫారంలో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అన్న గడి దగ్గర నేను అబద్ధం రాయలేదు. మైనరుగా ఉన్నప్పటి విషయమని, 24వ సెక్షన్ వర్తిస్తుందని రాసి ఉత్తర్వు కాపీ పెట్టాను.

ఆదేశం వచ్చాక కాపీలు ప్రతి ఆఫీసుకీ స్వయంగా ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకున్నాను. అమలు నివేదిక రాకపోతే ఆ ముద్ర పడిన ప్రతులతోనే మళ్లీ బోర్డుకి వెళ్లాలి.