65 దగ్గర ఆగిపోయిన మా యాక్టివా

మా బాబాయి దగ్గర కొన్న 2012 మోడల్ యాక్టివా మీద నేను రోజూ సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు వెళ్లి వస్తాను. రానుపోను 50 కిలోమీటర్ల దాకా అవుతుంది. దాదాపు అంతా 65వ నంబర్ జాతీయ రహదారే. ముంబై వైపు పోయే ట్రక్కులు, ఆర్టీసీ బస్సులు, పాశమైలారం ఫ్యాక్టరీల షిఫ్ట్ బస్సులు, అన్నీ ఆ రోడ్డు మీదే. మా బండి మీటర్లో ముల్లు 65 దగ్గరికి వచ్చి ఆగిపోయేది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుంటే సౌండ్ పెరిగేది, వేగం మాత్రం పెరిగేది కాదు. వెనక నుంచి పెద్ద బండి హారన్ కొట్టుకుంటూ మీదికి వచ్చేస్తుంటే తప్పుకోవడానికి ఎడమవైపు మట్టి అంచు తప్ప ఏముంటుంది? ఆ టెన్షన్ రోజూ రెండుసార్లు పడేవాణ్ణి.

నాలుగు లేన్ల రోడ్డు మీద టూవీలర్లకు గరిష్ఠ వేగం 80 అని కేంద్రం 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. నాకు అంత కూడా అక్కర్లేదు. నిజంగా 75 వస్తే, మిగతా బండ్లతో పాటు సాఫీగా పోతే చాలు అనుకున్నాను.

ముందు అసలు వేగం ఎంతో తెలియాలి. ఏ బండి మీటరైనా కాస్త ఎక్కువే చూపిస్తుంది. అందుకని ఫోన్లో జీపీఎస్ స్పీడ్ రికార్డు అయ్యే యాప్ పెట్టి జేబులో వేసుకున్నాను. ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఖాళీగా ఊరిస్తూ ఉంటుంది కానీ దాని మీదకు టూవీలర్లను రానివ్వరు. ఒక ఆదివారం తెల్లారుజామున కంది దాటాక, రోడ్డు తిన్నగా ఉన్న చోట చూశాను. ఒకసారి ఇటు, వెంటనే ఒకసారి అటు. ఎదురుగాలి, వాలు ఉంటే లెక్క తప్పుతుంది కాబట్టి రెండువైపులా చూసి సగటు తీయాలి. మీటర్ 65 అన్నప్పుడు ఫోన్ 60 చూపించింది. ఆ అంకె డైరీలో రాసుకున్నాను. ఆ తర్వాత ప్రతి మార్పుకూ అదే చోట, అదే టైముకు, ఒక్కణ్ణే వెళ్లి చూశాను. ఇది చేయకపోతే ఏం మార్చినా బండి ఎగిరిపోతున్నట్టే అనిపిస్తుంది. కొత్త సామాను వేసిన సంతోషంలో చెవి, చెయ్యి రెండూ మోసం చేస్తాయి.

మెకానిక్ అన్న దగ్గరికి వెళ్లి, బెల్టు పుల్లీలో ఉండే చిన్న బరువులు, అంటే రోలర్లు, మార్చి స్పీడ్ పెంచుదామని చెప్పాను. ఆయన బండిని సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పాడు. అది రెండు చుట్లు కూడా తిరగకుండా ఆగింది.

"స్పీడ్ సంగతి తర్వాత తమ్మీ, బ్రేకు పట్టుకొని నడుపుతున్నవ్ నువ్వు. ముందు గిది చూద్దాం."

వెనక బ్రేక్ షూలను తెరిచే కామ్ అనే ముక్క తుప్పు పట్టి షూలు పూర్తిగా వదలట్లేదు. టైర్లలో గాలి ముందు, వెనక రెండూ తక్కువే. ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే నల్లగా ఉంది. ఈ బండ్లలో ఫిల్టర్ పేపర్‌కు నూనె పూత ఉంటుంది. చాలా చోట్ల దాన్ని ఎయిర్ గన్‌తో ఊది మళ్లీ పెట్టేస్తారు. అలా ఊదితే పూత పోయి ఫిల్టర్ పాడవుతుంది, మార్చాల్సిందే. కొత్తది వేశాం, బ్రేకు విప్పి శుభ్రం చేశాం, ట్యాపెట్ గ్యాప్ (ఇంజను వాల్వుల దగ్గర ఉండే సందు) సరిచేశాం. ఆ వారం ఫోన్ 64 చూపించింది. మోడిఫికేషన్ అనే మాట ఎత్తకుండానే నాలుగు కిలోమీటర్లు పెరిగింది.

తర్వాతి ఆదివారం ఎడమవైపు కిక్ కవర్ విప్పాం. గేరు లేని స్కూటర్ వేగమంతా ఆ కవర్ లోపలే ఉంటుంది. ముందు పుల్లీ అంటే రెండు ప్లేట్లు, వాటి మధ్య బెల్టు. ఒక ప్లేటు వెనక వేరియేటర్ అనే భాగంలో ఆరు రోలర్లు ఉంటాయి. జొన్న చేలో ఒడిసెల తిప్పుతుంటే రాయి బయటికి లాగుతుంది చూడండి, ఇంజను తిరిగే కొద్దీ ఈ రోలర్లు కూడా అలాగే అంచు వైపు జరుగుతాయి. జరుగుతూ ప్లేటును నెడతాయి, ప్లేట్లు దగ్గరై బెల్టు పైకి ఎక్కుతుంది. అదే సమయంలో వెనక పుల్లీ స్ప్రింగును నొక్కుకుంటూ తెరుచుకుని, అక్కడ బెల్టు లోపలికి దిగుతుంది. గేర్లు మారడం అంటే ఇదే. ముందు బెల్టు అంచు దాకా ఎక్కితేనే టాప్ గేరు పడినట్టు.

మా బండిలో రోలర్లు గుండ్రంగా లేవు. ఒక పక్క అరిగి చదునుగా అయ్యాయి. అలాంటి రోలర్ దొర్లదు, చదును దగ్గరే కూర్చుండిపోతుంది. బెల్టు వెడల్పు వెర్నియర్‌తో కొలిస్తే కొత్త దాని కన్నా ఒకటిన్నర మిల్లీమీటరు తక్కువ ఉంది. బెల్టు సన్నబడితే రెండు ప్లేట్ల మధ్య ఇంకా కిందికి జారుతుంది, ఎంత తిప్పినా టాప్ గేరు అందదు. 65 దగ్గర ముల్లు ఆగిపోవడానికి అసలు కారణం కళ్ల ముందు కనిపించాక మనసు తేలికపడింది. ఇంజను బాగానే ఉంది. దాని బలం చక్రం దాకా చేరట్లేదు, అంతే.

హైదరాబాద్‌లోని పుత్లీబౌలి వెళ్లి కంపెనీ బెల్టు, రోలర్లు, స్లైడ్ ముక్కలు తెచ్చాను. వాటితో పాటు ఒక్కోటి మూడు గ్రాములు తక్కువున్న రోలర్ల సెట్టు, ఒక గ్రాము తక్కువున్న సెట్టు కూడా తీసుకున్నాను. ప్యాకెట్ మీద రాసింది నమ్మకుండా మా వీధిలో బంగారం పని చేసే పెద్దాయన దగ్గర తూకం వేయించాను. ఆయన ఓపికగా ఒక్కోటీ తూచి కాగితం మీద రాసిచ్చాడు. కొత్తవి ఆరూ ఒకే బరువు. పాతవి ఆరూ ఆరు బరువులు.

కంపెనీ రోలర్లు, కొత్త బెల్టు వేసి బిగించాక ఫోన్ చూపించిన సగటు 74. మీటర్లో ముల్లు 80. ఆ రోజు ఇంటికి తిరిగి వస్తుంటే చాలా ఆనందంగా అనిపించింది, ఎందుకంటే ఈ 14 కిలోమీటర్లూ బండికి మొదటి నుంచీ ఉన్నవే.

అక్కడితో ఆగి ఉండొచ్చు. కానీ తేలిక రోలర్లు కొని పెట్టుకున్నాను కదా, వాటి సంగతీ తెలుసుకోవాలనిపించింది. మూడు గ్రాములు తక్కువున్నవి వేసేముందు మెకానిక్ అన్న ఒక మంచి పని చేయించాడు. ముందు పుల్లీ ప్లేటు మీద మధ్య నుంచి అంచు దాకా మార్కర్ పెన్నుతో గీత గీయమన్నాడు. బండి నడిపి వచ్చి కవర్ విప్పితే బెల్టు ఎక్కడిదాకా ఎక్కిందో అక్కడిదాకా గీత చెరిగిపోయి ఉంటుంది. సిగ్నల్ దగ్గర బండి దూసుకుపోయింది, ఫ్లైఓవర్ ఎక్కడం సులువైంది. కానీ ఫోన్ సగటు 70కి పడిపోయింది, ఇంజను అరుపు చెవులు హోరెత్తించింది. విప్పి చూస్తే గీతలో పైన మూడు మిల్లీమీటర్లు చెరగలేదు. అంత తేలిక రోలర్లకు వెనక స్ప్రింగును గెలిచి బెల్టును అంచుకు ఎక్కించే బలం లేదు. రోలర్లు తేలికైతే స్పీడ్ పెరుగుతుందని చాలామంది చెప్తారు. పెరిగేది పికప్. మైలేజీ కూడా 46 నుంచి 38కి దిగింది.

ఒక గ్రాము తక్కువున్నవి వేస్తే గీత అంచు దాకా చెరిగింది. సగటు 76. పికప్ కూడా కాస్త బాగుంది. అవే ఇప్పటికీ బండిలో ఉన్నాయి.

తర్వాత చేసిన తప్పు ఒకటి ఉంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి ఓపెన్ ఫిల్టర్ పెట్టాను. ఇది కార్బ్యురేటర్ బండి. లోపలికి గాలి ఎక్కువ పోయి, పెట్రోలు అంతే పోతే మిశ్రమం పలచనవుతుంది. రెండు రోజులకు బండి మధ్యమధ్యలో ఊగిసలాడింది. స్పార్క్ ప్లగ్ విప్పితే ఇటుక రంగు పోయి సున్నంలా తెల్లగా ఉంది, అంటే లోపల వేడి ఎక్కువవుతోంది. అలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. కార్బ్యురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్ పెద్దది వేసుకుంటూ పోవచ్చు, కానీ వాన, దుమ్ము, ఎండ అన్నింట్లో సరిపోయేలా కంపెనీ చేసిన లెక్కను నేను రోడ్డు పక్కన కూర్చుని మెరుగుపరచలేను. పాత డబ్బా తిరిగి బిగించాను.

పెద్ద బోరు సిలిండర్ వేయిద్దామా అని కూడా ఆలోచించాను. ఈ ఇంజను 109 సీసీ, బలం 8 హార్స్‌పవర్ దాకా. గాలిని చీల్చుకుపోవడానికి కావాల్సిన బలం వేగానికి ఘనంలో పెరుగుతుంది. 75 నుంచి 90కి పోవాలంటే గాలికే 1.7 రెట్లు బలం కావాలి. రోలర్లతో అది రాదు, ఇంజనే మార్చాలి. చట్టం అడ్డం వచ్చేది అక్కడే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాది సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉంది. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది. ఇంట్లోవాళ్లు నా మీద ఆధారపడి ఉండగా ఆ పని చేయలేను. సైలెన్సర్ జోలికి అసలు వెళ్లలేదు. రాత్రి షిఫ్ట్ నుంచి వచ్చేటప్పుడు వీధిలో చంటిపిల్లలు నిద్రపోతుంటారు.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇస్నాపూర్ చౌరస్తాలో తెలిసింది. 76 వచ్చిన మూడో రోజు ఒక ఆటో సైడు రోడ్డు నుంచి చూడకుండా ఎక్కేసింది. రెండు బ్రేకులూ నొక్కాను. బండి ఆగలేదు, ఆగుతూనే ఉంది. ఆటో వెనక చక్రానికి మూరెడు దూరంలో నిలబడింది. కాళ్లు వణికిపోయి పక్కకు తీసి పది నిమిషాలు కూర్చున్నాను. వేగం 60 నుంచి 76కి పెరిగితే బ్రేకు పట్టాక ఆగడానికి కావాల్సిన దూరం 1.6 రెట్లవుతుందని లెక్క. అది ఆ చౌరస్తాలో ఒంటికి తెలిసింది. నేను మాత్రం 60లో తిరిగినప్పుడు అరిగిన పాత బ్రేకులతోనే 76లో పోతున్నాను.

ఆ సాయంత్రమే బండి షెడ్డులో పెట్టాను. ముందు, వెనక బ్రేక్ షూలు, రెండు కేబుళ్లు మార్పించాను. డ్రమ్ములు గీతలు పడలేదు కాబట్టి సరిపోయింది. టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ చూస్తే చివరి రెండంకెలు 13, అంటే 2013లో తయారైంది. పైన గాడులు ఉన్నాయి గానీ పక్కల నెర్రెలు విచ్చింది. రెండూ మార్చాను. ఈ సైజు టైరు మీద 53జె అని ఉంటుంది. జె అంటే గంటకు 100 కిలోమీటర్ల వరకు అని అర్థం. 90, 100 ఆశపడేవాళ్లు ముందు ఆ అక్షరం చూసుకోవాలని నా మనవి. మెకానిక్ అన్న డబ్బులు తీసుకుంటూ "గిది మొదలే చేపిస్తే మంచిగుండె తమ్మీ" అన్నాడు. బెల్టు, రోలర్ల కన్నా ముందు చేయించాల్సిన పని ఇదేనని ఇప్పుడు అడిగినవాళ్లందరికీ చెప్తున్నాను.

ఇప్పుడు రోజూ 65, 70 మధ్య పోతున్నాను. యాక్సిలరేటర్ ఇంకా కాస్త మిగిలే ఉంటుంది. వెనక నుంచి ట్రక్కు వస్తే పక్క లేన్ చూసుకుని నింపాదిగా తప్పుకోగలుగుతున్నాను. మైలేజీ 44 దగ్గర ఉంది. బెల్టు మార్చిన రోజు మీటర్ రీడింగ్, బెల్టు వెడల్పు, రోలర్ల బరువు కిక్ కవర్ లోపలివైపు మార్కర్‌తో రాసిపెట్టాను. 8,000 కిలోమీటర్లకు ఒకసారి విప్పి కొలవాలని అనుకున్నాం. మొదటిసారి కొలిచే రోజు వచ్చే నెలలో ఉంది, వెర్నియర్ తీసుకొస్తానని మెకానిక్ అన్నకు ఇప్పటికే చెప్పాను.